మబ్బుల కింద గురుడు



2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. ఆ పన్నెండు రోజుల్లో మీలో చాలామంది విజయవాడలోనో, శ్రీశైలంలోనో, బీచుపల్లిలోనో నీళ్లలో దిగి మూడు మునకలు వేసే ఉంటారు. గురుడు కన్యారాశిలో ప్రవేశించాడు కాబట్టి కృష్ణకు పుష్కరం వచ్చింది. ఆగస్టు 12న మొదలై 23న ముగిసింది. ఘాట్లలో ఇంకా తడి ఆరకముందే, 27వ తేదీన, అదే గురుడి మబ్బుల మీదుగా దాదాపు 4,200 కిలోమీటర్ల ఎత్తులో ఒక వ్యోమనౌక దూసుకుపోయింది. దాని పేరు జూనో. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2011 ఆగస్టు 5న పంపితే, అయిదేళ్లు ప్రయాణం చేసి గురుడిని చేరింది. అది మోసుకెళ్లిన పరికరాల్లో ఒకటి చేసిన పని గురించే ఈ పూట చెప్పాలని వచ్చాను. ఆ పరికరం ఫొటోలు తీయదు. రేడియో తరంగాలు పట్టుకుంటుంది. రేడియోలో చెప్పుకోవడానికి ఇంతకన్నా తగిన సంగతి నాకు తోచలేదు.

గురుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. రాశికి ఏడాది చొప్పున ఆయన నడకను మన పెద్దలు నదులతో ముడిపెట్టారు. అంత పాత పరిచయం మనది. 1610లో గెలీలియో తన చిన్న దుర్భిణితో నాలుగు ఉపగ్రహాలను చూసిన దగ్గర్నుంచి పరిచయం ఇంకా పెరిగింది. అయితే ఇన్నాళ్లూ మనం చూసింది మబ్బులనే. గురుడికి నేల లేదు. హైడ్రోజన్, హీలియం వాయువులు వేల కిలోమీటర్ల లోతు దాకా ఉన్నాయి. వాటిపైన అమ్మోనియా మంచు మబ్బులు తెల్లగా, గోధుమరంగుగా, చారలు చారలుగా కప్పుకుని ఉన్నాయి. మీగడ చూసి గిన్నెలో పాలెన్నో చెప్పమంటే ఎలా ఉంటుందో, గురుడి విషయంలో శాస్త్రవేత్తల పరిస్థితి అలాగే ఉండేది.

లోపల ఏముందో తెలుసుకోవాలన్న తపన ఎందుకంటే, ముఖ్యంగా నీళ్ల కోసం. సౌరకుటుంబంలో ముందుగా పుట్టిన గ్రహం గురుడే అని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. సూర్యుడు ఏర్పడగా మిగిలిన పదార్థంలో సింహభాగం ఈయన మింగేశాడు. ఆయన బరువు 318 భూముల బరువు. అంతటి గ్రహం మంచుగడ్డలను కలుపుకుంటూ పెరిగిందా, అయితే ఎలాంటి మంచుగడ్డలను, సూర్యుడికి ఎంత దూరంలో ఉండగా అన్న ప్రశ్నలకు సమాధానం ఆయన కడుపులో ఉన్న నీటి పరిమాణంలో దొరుకుతుంది. విశ్వంలో హైడ్రోజన్, హీలియం తర్వాత ఎక్కువగా ఉన్న మూలకం ఆక్సిజన్. గురుడిలో ఆ ఆక్సిజన్ చాలావరకు నీటి రూపంలోనే ఉండాలి. ఆ నీటి లెక్క తేలితే మన భూమి మీదికి నీళ్లు ఎలా వచ్చాయన్న కథలో కూడా ఒక ముడి వీడుతుంది.

ఒకసారి లోపలికి దిగి చూశారు కూడా. 1995 డిసెంబరు 7న గెలీలియో వ్యోమనౌక వదిలిన చిన్న శోధక యంత్రం సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో గురుడి గాలిలోకి చొరబడి, తర్వాత పారాచూట్ విప్పుకుని, దాదాపు గంటసేపు కబుర్లు పంపుతూ కిందికి దిగింది. మన దగ్గర సముద్రమట్టంలో ఉండే గాలి పీడనానికి 22 రెట్ల పీడనం దాకా తట్టుకుంది. అంత కష్టపడి అది పంపిన కబురు మాత్రం అందరినీ తికమక పెట్టింది. అక్కడ నీళ్లు ఉండవలసినదానికన్నా చాలా తక్కువగా ఉన్నాయి. కారణం తర్వాత తెలిసింది. ఆ యంత్రం పడిన చోటు, గురుడి మీద అక్కడక్కడా కనిపించే వేడి మచ్చల్లో ఒకటి. పైనుంచి పొడిగాలి కిందికి దిగే చోటు. మే నెలలో అనంతపురంలో ఓ పొలంలో నిలబడి, దక్షిణ భారతదేశమంతా ఇంతే వాన పడుతుందని రాసుకోవడం లాంటిది. ఆ యంత్రం అబద్ధం చెప్పలేదు. అది చూసిన ఆ ఒక్కచోటి నిజమే చెప్పింది. గురుడంత గ్రహానికి ఒక్కచోటు చాలదు, అంతే.

ఎన్ని యంత్రాలను వదలగలం? వదలకుండానే లోపలి సంగతి తెలుసుకునే దారి ఇంకొకటుంది. దోసె పోసేముందు పెనం కాగిందో లేదో ఎలా చూస్తాం? అరచెయ్యి కాస్త ఎత్తులో పెడతాం. పెనం తాకకుండానే వేడి తెలుస్తుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కొంత శక్తిని తరంగాలుగా వదులుతూనే ఉంటుంది. అందులో కంటికి కనిపించే వెలుగు ఉండొచ్చు, చేతికి తెలిసే పరారుణ కిరణాలు ఉండొచ్చు, కాస్తోకూస్తో రేడియో తరంగాలు కూడా ఉంటాయి. గురుడి లోపలి పొరలు వేడివి. ఆ వేడి అక్కడి నుంచి రేడియో తరంగాలుగా పైకి వస్తూనే ఉంది. వెలుగును ఆపేసే మబ్బులు ఈ తరంగాలను ఆపలేవు.

అయితే వీటిని ఆపేది వేరొకటి ఉంది. అమ్మోనియా వాయువు. దాని వాసన మనకు కొత్త కాదు. నా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసే మనిషి వస్తే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. కొలిమి మీద ఇత్తడి గిన్నె ఎర్రగా కాలాక అందులో చిటికెడు నవసాగరం పొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. ముక్కు అదిరిపోయేది. నవసాగరంలో ఉన్నది అమ్మోనియానే. గురుడిలో ఉన్న అమ్మోనియా సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవున్న తరంగాలను గట్టిగా పీల్చుకుంటుంది. కాబట్టి అంత పొట్టి తరంగాలు లోతు నుంచి బయటికి రాలేవు. మనకు అందేవి పై పొరలవే. తరంగం పొడవు పెరిగే కొద్దీ అమ్మోనియా పట్టు సడలుతుంది, ఇంకా కింది నుంచి వచ్చినవి బయటపడతాయి. యాభై సెంటీమీటర్ల తరంగాలైతే, మన గాలి పీడనానికి వంద రెట్లు దాటిన లోతు నుంచి కూడా వస్తాయి. అంటే వేర్వేరు పొడవుల తరంగాలను విడివిడిగా కొలిస్తే, బావిలో తాడు విడుస్తూ అడుగు అడుగుకీ నీటి వేడి చూసినట్టే. ఒక పొర కొంచెం చల్లగా తోస్తే అక్కడ అమ్మోనియా ఎక్కువ ఉండి, మనకు పై భాగమే కనిపిస్తోందని అర్థం. వేడిగా తోస్తే అమ్మోనియా తక్కువ, చూపు లోతుకి పోయిందని అర్థం.

ఇంత తెలిసినప్పుడు భూమి మీద నుంచే పెద్ద పెద్ద యాంటెన్నాలతో చూడొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. చూశారు. 1956లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో మూడు సెంటీమీటర్ల తరంగాల మీద గురుడి వేడి కొలిచారు. సున్నాకి దిగువన నూట ముప్పై డిగ్రీల సెల్సియస్ దగ్గరగా వచ్చింది. మబ్బుల చలికి అది సరిగ్గా సరిపోయింది. రెండేళ్ల తర్వాత అక్కడే పది సెంటీమీటర్ల మీద కొలిస్తే, ఆ లెక్క కొన్ని వందల డిగ్రీలు ఎక్కువ చూపించింది. ఇంకా పొడవైన తరంగాల మీద అది వేలల్లోకి పోయింది. అంత వేడి అసంభవం. అది వేడి కాదని త్వరలోనే తేలింది. గురుడి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని కాంతివేగానికి దగ్గరగా గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్లు చేస్తున్న రేడియో గోల అది. గురుడి చుట్టూ వడ్డాణంలా ఉన్న రేడియేషన్ పట్టీల్లోంచి వస్తుంది. పుణే దగ్గర ఖోదాద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న మన జీఎంఆర్‌టీతో కూడా 610 మెగాహెర్ట్జ్ మీద గురుడిని చూశారు. ఆ తరంగాల పొడవు యాభై సెంటీమీటర్ల దగ్గరే. ఇందాక లోతుకి చేర్చే తరంగం అన్నానే, అదే. కానీ ఇక్కడి నుంచి చూస్తే అందులో కనిపించేది ఆ పట్టీల వెలుగే. గురుడి లోపలి సన్నటి గొంతు ఆ గోలలో మునిగిపోతుంది. జాతరలో మైకు పక్కన నిలబడి, చెవిలో చెప్పే మాట వినడం ఎవరి తరం?

మరి ఏం చెయ్యాలి? మైకుకీ మనిషికీ మధ్యకి వెళ్లాలి. జూనో చేసింది అదే. రేడియేషన్ పట్టీలకీ మబ్బులకీ మధ్య ఉన్న సందులోంచి, ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి రెండు గంటల్లో దూసుకుపోయి, మళ్లీ దూరంగా వెళ్లిపోతుంది. మొదట్లో 53 రోజులకోసారి ఇలా దగ్గరికి వచ్చేది. పద్నాలుగు రోజులకోసారి రావాలని అనుకున్నారు గానీ, ఇంజనుకి సంబంధించిన రెండు వాల్వులు మొరాయించేసరికి, ఉన్న కక్ష్యలోనే ఉంచడం మేలనుకున్నారు. రేడియేషన్ దెబ్బకి ఎలక్ట్రానిక్ భాగాలు పాడవకుండా వాటిని టైటానియం పెట్టెలో భద్రపరిచారు. మనం లాకర్లో నగలు దాచుకున్నట్టు.

మొదట్లో నేను చెప్పిన జూనో పరికరం పేరు మైక్రోవేవ్ రేడియోమీటర్. దానికి ఆరు చెవులున్నాయి. ఒకటిన్నర సెంటీమీటరు కంటే కొంచెం తక్కువ పొడవు నుంచి, మూడు, ఆరు, పదకొండున్నర, ఇరవైనాలుగు, యాభై సెంటీమీటర్ల పొడవు దాకా, దగ్గర దగ్గరగా ఒకదానికి ఒకటి రెట్టింపు. వీటిలో పదకొండున్నర సెంటీమీటర్లది మన వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ వాడే తరంగానికి దగ్గరి చుట్టమే. యాభై సెంటీమీటర్ల యాంటెన్నా నౌక పక్కభాగం ఒకదాన్ని పూర్తిగా ఆక్రమించింది. దాదాపు 1.6 మీటర్ల చదరం. మిగిలిన అయిదూ వేరేచోట సర్దుకున్నాయి. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఈ పరికరాన్ని తయారుచేశారు. మైకేల్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త దాని బాధ్యత చూశారు. మొత్తం జూనో యాత్రకు నాయకుడు స్కాట్ బోల్టన్.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న తెలివి ఒకటుంది. ఏ రేడియోమీటరైనా వేడిని ఖచ్చితంగా ఇంత అని చెప్పడంలో వందకు ఒకటి రెండు వంతులు తప్పుతుంది. లోతులోని నీళ్లు చూపించే ప్రభావం కూడా అంతే చిన్నది. తప్పు, సంకేతం ఒకే కొలతలో ఉంటే ఏం తేల్చగలం? జూనో నిమిషానికి రెండుసార్లు తనచుట్టూ తాను తిరుగుతుంది. అలా తిరుగుతూ ముందుకు పోతుంటే, గురుడి మీద ఒకేచోటిని ముందు ఏటవాలుగా, తర్వాత నిట్టనిలువుగా, మళ్లీ ఏటవాలుగా చూస్తుంది. మధ్యాహ్నం సూర్యుడి వైపు తలెత్తి చూడలేం, సాయంత్రం అదే సూర్యుణ్ని కన్నార్పకుండా చూస్తాం. కిరణాలు ఏటవాలుగా ఎక్కువ గాలిలోంచి రావలసి రావడమే కారణం. గురుడిలోనూ ఏటవాలుగా చూస్తే పై పొరలు అడ్డుపడి ఆ రేడియో వెలుగు మసకబారుతుంది. ఎంత మసకబారిందన్నదే లెక్క. ఒకే పరికరంతో, ఒకే చోటిని, కొన్ని నిమిషాల తేడాలో చూసిన రెండు కొలతలను పోలిస్తే ఆ పరికరం తప్పు రెండింటిలోనూ ఉండి కొట్టుకుపోతుంది. అలా వెయ్యికి ఒకవంతు తేడాను కూడా పట్టగలిగారు.

ఇదంతా జరగాలంటే, అంత ఒత్తిడిలో అమ్మోనియా, నీటి ఆవిరి ఏ తరంగాన్ని ఎంత పీల్చుతాయో ముందే తెలిసి ఉండాలి. జార్జియా టెక్‌లో పాల్ స్టెఫెస్, ఆయన విద్యార్థులు ఏళ్ల తరబడి ఆ పని చేశారు. మందపాటి ఉక్కుపాత్రలో ఆ వాయువులను గురుడి లోతుల్లో ఉండే ఒత్తిడికి, వేడికి తీసుకెళ్లి, లోపల ఒక లోహపు డబ్బాలో రేడియో తరంగాలను మోగించి చూశారు. గుడి గంట కొట్టి వదిలేస్తే చాలాసేపు మోగుతుంది, చెయ్యి ఆనిస్తే మోత తగ్గిపోతుంది. వాయువు ఎంత చెయ్యి ఆనించిందో కొలిచారన్నమాట. జూనో పేరు చెప్పినప్పుడు వార్తల్లో రాని ఈ ఉక్కుపాత్ర పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. అది లేకపోతే అక్కణ్నుంచి వచ్చిన అంకెలకు అర్థమే లేదు.

ఇక ఏం దొరికింది? మొదటి పరుగుతోనే ఊహలు తలకిందులయ్యాయి. అమ్మోనియా మబ్బుల కింద అంతటా అమ్మోనియా సమానంగా కలిసిపోయి ఉంటుందని చాలామంది నమ్మారు. పాయసాన్ని గరిటెతో కలిపినట్టు, కింద మరుగుతున్న వేడి అన్నిటినీ కలిపేస్తుందని. కానీ కనిపించింది వేరు. భూమధ్యరేఖలాంటి గురుడి నడుము దగ్గర, కొంచెం ఉత్తరంగా, అమ్మోనియా నిండుగా ఉన్న ఒక స్తంభంలాంటి భాగం లోతు నుంచి పైదాకా నిలబడి ఉంది. పది లక్షల అణువుల్లో దాదాపు 360 అమ్మోనియావి. దానికి అటూ ఇటూ చూస్తే ఆ సంఖ్య బాగా పడిపోయింది. అదీ పై పైన కాదు, మన గాలి పీడనానికి పదుల రెట్ల లోతు దాకా. అంటే మబ్బుల అడుగుకీ ఎంతో దిగువన. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లెక్కలో తప్పేమో అని తిరిగి తిరిగి చూశారు. ప్రతి పరుగూ అదే చెప్పింది.

అమ్మోనియాను ఎవరో పైనుంచి కిందికి మోసుకెళ్తున్నారు. ఎవరు? ఫ్రాన్స్‌కు చెందిన ట్రిస్టన్ గీయో, ఆయన సహచరులు 2020లో ఒక జవాబు చెప్పారు. భారీ తుపానుల్లో నీటిమంచు ముక్కలు నీటిమబ్బుల కన్నా ఎంతో పైకి ఎగసిపోతాయి. అక్కడ చలి సున్నాకి దిగువన ఎనభై తొంభై డిగ్రీలు. ఆ చలిలో నీళ్లు ద్రవంగా ఉండలేవు. కానీ అమ్మోనియా ఆవిరి ఆ మంచుకు తగిలితే ఉప్పు చల్లిన ఐసుగడ్డలా కరుగుతుంది. నీళ్లూ అమ్మోనియా కలిసిన చిక్కటి ముద్ద అవుతుంది. దానిమీద మంచు పెంకు కడుతుంది. మన వేసవిలో గాలివానకి పెంకుల మీద టపటపా రాలే వడగళ్లు ఉంటాయే, అలాంటివే, కాకపోతే లోపల మెత్తగా. బరువెక్కి రాలిపోతూ, లోతుకు పోయాక కరిగి ఆవిరై, మోసుకొచ్చిన అమ్మోనియాను అక్కడ వదిలేస్తాయి. నేల లేని లోకంలో వడగళ్ల వాన ఎక్కడ ఆగుతుందో ఒకసారి ఊహించుకోండి. అవి ఎక్కడా పడవు. పడుతూ పడుతూ ఉండగానే లేకుండా పోతాయి. ఇది ఒక వివరణ. నాకు మాత్రం నమ్మదగిందిగానే తోస్తోంది, ఎందుకంటే తుపానులు తక్కువగా ఉండే ఆ నడుము దగ్గరే అమ్మోనియా చెక్కుచెదరకుండా ఉంది.

అమ్మోనియా ఇలా చిక్కుముడిగా ఉంది కనుక, నీటి లెక్క కూడా ఆ నడుము దగ్గరే మొదలుపెట్టారు. అక్కడ ఇతర తికమకలు తక్కువ. మొదటి ఎనిమిది పరుగుల కొలతలతో చెంగ్ లీ, ఆయన బృందం 2020లో చెప్పింది: అక్కడి గాలిలో అణువుల్లో నూటికి పావు వంతు, అంటే 0.25 శాతం నీళ్లు. సూర్యుడిలోని ఆక్సిజన్ పాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. ఇది ఖచ్చితమైన అంకె అని వాళ్లు చెప్పలేదు. తక్కువలో తక్కువ సూర్యుడితో సమానం, ఎక్కువలో ఎక్కువ అయిదు రెట్లు. అయినా 1995లో ఆ పొడి మచ్చ చెప్పిన కబురు గురుడంతటిదీ కాదని తేలింది. మిగతా అక్షాంశాల్లో నీళ్లెన్నో ఇంకా తేలవలసే ఉంది.

ఎర్రమచ్చ గురించి రెండు మాటలు. గురుడి మీద 16 వేల కిలోమీటర్ల వెడల్పున, భూమి ఇట్టే ఇమిడిపోయే ఆ సుడి లోతెంత అన్నది చాలా పాత ప్రశ్న. 2017 జూలైలో జూనో దానిమీదుగా వెళ్లింది. రేడియోమీటర్ చూపు దాని వేళ్లు మబ్బుల కింద మూడు వందల కిలోమీటర్ల కన్నా లోతుకు వెళ్లాయంది. మరో రకంగా, గురుత్వాకర్షణ తేడాలను కొలిస్తే అయిదు వందలు దాటదని తేలింది. 32 సెంటీమీటర్ల పెనం మీద సెంటీమీటరు మందాన పోసిన మినపరొట్టె ఎలా ఉంటుందో, ఎర్రమచ్చ ఆకారం సుమారుగా అలా ఉంటుంది.

చివరగా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు తాతయ్య ట్రాన్సిస్టర్ పెట్టుకుని కూర్చునేవాడు. విజయవాడ కేంద్రం, మీడియం వేవ్, 837 కిలోహెర్ట్జ్. ఏప్రిల్, మే నెలల్లో పడమటి వైపు మబ్బు పట్టిందంటే పాట మధ్యలో చిటపట మొదలయ్యేది. మెరుపు కనిపించిన క్షణంలోనే రేడియోలో 'కర్ర్' మనేది. ఉరుము తర్వాతెప్పుడో నింపాదిగా వచ్చేది. "ముందు రేడియో ఉరుముతుందిరా, తర్వాత ఆకాశం" అనేవాడు తాతయ్య. పిడుగు పడ్డప్పుడల్లా అది వెలుగుతోపాటు రేడియో తరంగాలను కూడా చిమ్ముతుంది. అవే ఆ చిటపట.

గురుడి మీద మెరుపులున్నాయని 1979లో వాయేజర్ వ్యోమనౌక కనిపెట్టింది. కానీ అది విన్నది చాలా తక్కువ పౌనఃపున్యాల్లో మాత్రమే. తర్వాతి నౌకలకూ అంతే. భూమి మీది పిడుగులు అన్ని పౌనఃపున్యాల్లోనూ కరకరలాడతాయి. గురుడి పిడుగులు మాత్రం పై పౌనఃపున్యాల్లో ఎందుకు మూగబోయాయో నలభై ఏళ్లపాటు అర్థం కాలేదు. దానికి రకరకాల సిద్ధాంతాలు అల్లారు. జూనో అంత దగ్గరికి వెళ్లి, ఆరు చెవుల్లో అన్నిటికన్నా పొడవైనదాన్ని, 600 మెగాహెర్ట్జ్‌దాన్ని, తెరిచి వింటే మొదటి ఎనిమిది పరుగుల్లోనే 377 పిడుగుల చిటపట వినిపించింది. 2018లో షానన్ బ్రౌన్ బృందం ఈ సంగతి ప్రకటించింది. గురుడి పిడుగులు మూగవి కావు. మనమే దూరంగా ఉండిపోయాం.

ఆ పిడుగులు ఎక్కడ పడుతున్నాయో గుర్తుపెడితే ఇంకో ఆశ్చర్యం. భూమి మీద పిడుగులు ఎక్కువగా ఉష్ణమండలంలో పడతాయి. ఎండ కాసే చోట గాలి వేడెక్కి పైకి లేస్తుంది కదా. గురుడి మీద అవి ధ్రువాల వైపు ఎక్కువ, ఉత్తరార్ధంలో మరీ ఎక్కువ, నడుము దగ్గర దాదాపు లేవు. అక్కడికి చేరే ఎండ మనకు అందేదానిలో పాతికో వంతు. అది నడుము దగ్గర పై గాలిని మాత్రమే కొంచెం వెచ్చబరిచి, కింది నుంచి వచ్చే వేడికి మూతపెట్టినట్టు చేస్తుంది. ధ్రువాల దగ్గర ఆ మూత లేదు. గురుడు పుట్టినప్పటి నుంచి లోపల దాచుకున్న వేడి అక్కడ తన్నుకుని పైకి వస్తుంది. నీటిమబ్బులు కడుతుంది, మెరుపులు మెరిపిస్తుంది. అమ్మోనియా ముద్దల వడగళ్లు కూడా అలాంటి తుపానుల్లోనే పుడతాయి.

377 పిడుగులు. పదుల కోట్ల కిలోమీటర్ల అవతల, నేల లేని ఆకాశంలో. మా అరుగు మీద ట్రాన్సిస్టర్ చేసిన ఆ కరకరా, ఆరు వందల మెగాహెర్ట్జ్ మీద జూనో విన్న ఆ కరకరా ఒకే జాతివి. ఈసారి మబ్బు పట్టిన సాయంత్రం మీ దగ్గర పాత రేడియో ఉంటే, స్టేషన్ లేని చోట మీడియం వేవ్ ముల్లు నిలిపి, కాసేపు వినండి.